వంకాయ రంగు ఆదివారాలు

అరుణ ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క అద్దం ఆమెకు అందదు. కిటికీ పక్కన, భర్త ప్రభుదాస్ గడ్డం గీసుకునే ఎత్తులో మేకుకు వేలాడుతుంటుంది. ప్రభుదాస్ పొడుగు మనిషి. అరుణ మునివేళ్ల మీద లేస్తే అందులో ఆమె పాపిట, నుదురు కనిపిస్తాయి. మిగతా ముఖం ఎలా ఉందో పక్కింటివాళ్లు చెబితే వినాలి. మేకు పీకి కింద కొట్టుకోవడం పెద్ద పనేం కాదు. కానీ కిందికి దించితే, ఈ ఇంట్లో గడ్డం గీసుకునే మనిషి ఉండడని ఒప్పుకున్నట్టు అవుతుందని ఆమె ఆ పని పెట్టుకోలేదు.

ఆ మనిషి ఉన్నాడు. కాకపోతే రోడ్డు మీద ఉన్నాడు. మేళ్లచెరువులో సిమెంటు లోడెత్తితే ఏ శ్రీకాకుళంలోనో, ఒడిశాలోనో దించుతాడు. లారీ ఖాళీగా తెస్తే ఓనరు సతీష్ ఒప్పుకోడు కాబట్టి అక్కడ ఇంకేదో ఎత్తుతాడు. ఆ ఇంకేదో ఇంకెక్కడికో పోతుంది. ఈలోపు ఇక్కడ కోదాడలో అరుణ కొత్త చీరకు ఫాల్ కుట్టుకుని, కట్టుకుని, ఉతికి ఉతికి ఇంట్లో కట్టే చీరల్లో కలిపేస్తుంది. ఆయన వచ్చిన రోజు దాన్నే చూసి "ఇది కొత్తదా?" అంటాడు. ఆమె "ఊఁ" అంటుంది. అబద్ధమేం కాదు, ఆయనకు కొత్తదే కదా.

మొన్న క్రిస్మస్‌కు కూడా రాలేదు. ఒడిశా సరిహద్దులో లారీలు తూచే కాటా దగ్గర లైన్లో ఉన్నానని ఫోన్ చేసి, చర్చిలో పాటలు వినిపించమన్నాడు. అరుణ ఫోను ఎత్తి పట్టుకుంది. ఆయనకు పాటలు ఎంతవరకు వినబడ్డాయో గానీ, చర్చి మొత్తానికీ లారీ హారన్లు వినబడ్డాయి. పాస్టరు గారు ప్రార్థనలో ప్రయాణంలో ఉన్నవాళ్లను ప్రత్యేకంగా తలుచుకున్నారు.

కొత్త సంవత్సరం వచ్చిన వారంలో స్వరూప వచ్చింది. నడిగూడెం దగ్గర తండా పిల్ల, నర్సు చదువు చదివింది. ఏదో మెడికల్ కాలేజీ వాళ్లు డ్రైవర్ల మీద పరీక్ష చేస్తుంటే అందులో పని చేస్తోంది. వేడి ఇంజను పక్కన పొద్దంతా కూర్చుని, ఆపితే ఆలస్యమవుతుందని నీళ్లు తాగకుండా, నడుము నొప్పికి గోళీలు మింగే వాళ్ల కిడ్నీలు చప్పుడు చెయ్యకుండా పాడైపోతాయట. సతీష్ దగ్గరే లారీ నడిపిన సేవ్యా ఇప్పుడు డయాలసిస్ కోసం సూర్యాపేట దవాఖానకు తిరుగుతున్నాడు. ఆ భయంతోనే ఓనరు తన డ్రైవర్లందరి పేర్లూ ఇచ్చాడు.

స్వరూప సంచిలోంచి వేలెడు పొడవున్న కాగితం పట్టీ తీసింది. దాని చివర పైనొకటి, కిందొకటి రెండు ఎర్ర చుక్కలు.

"ఈ చుక్కలు బంగారం అక్కా," అంది.

మంచంలో అటు తిరిగి పడుకున్న అత్త జానమ్మ లేచి కూర్చుంది. "ఏందీ?"

"బంగారం అవ్వా. కంటికి కనబడనంత సన్నగ జేస్తే అది పచ్చగుండదు, ఎర్రగుంటది. కిడ్నీ కరాబైతుంటే ఒంటేలుల ఒక తీరు పదార్థం దిగుతది. అది తగిలితే, ఎడం ఎడంగున్న బంగారం నలుసులు ఒకదాని పక్కకొకటి చేరుతయ్. చేరంగనె ఎరుపు పోయి నీలం అయితది."

"దగ్గరైతే రంగు మార్చేది మనుషులే అనుకున్న," అంది అరుణ. "బంగారం గూడనా?"

జానమ్మకు ఆ మాటలతో పని లేదు. "ఒక్కదాంట్ల ఎంతుంటది?"

"వెయ్యి పట్టీలు కలిపినా ముక్కుపుల్ల రాదవ్వా."

"వాడినంక పారేస్తరా?"

"లేదు, మాకే తిరిగియ్యాలె."

"గదీ," అంది జానమ్మ, లోగుట్టంతా తెలిసిపోయినట్టు.

స్వరూప పద్ధతి చెప్పింది. ఆదివారం పొద్దున, చిన్న సీసాలో తనిచ్చిన నీళ్లలో ఆయన ఒంటేలు మూడు చుక్కలు వేసి, అందులో పట్టీ ముంచి, రంగుల కార్డు పక్కన పెట్టి ఫొటో పంపాలి. ఎర్రగానే ఉంటే బాగున్నట్టు, మూడు నెలల తర్వాత మళ్లీ. నీలమైతే నేరుగా సూర్యాపేట పెద్ద దవాఖాన. మధ్యలో ఆగితే వచ్చే ఆదివారం మళ్లీ చెయ్యాలి, అప్పటిదాకా దూరపు లోడుకు పంపనని ఓనరు మాటిచ్చాడు. పట్టీని ఏ కొసన పట్టుకోవాలో, కింది చుక్క ఎందుకో కూడా చెప్పింది గానీ, అరుణ చెవులు దూరపు లోడు దగ్గరే ఆగిపోయాయి. పోతూ పోతూ, మూడు ఆదివారాలకు సరిపడా పట్టీలు, పాడైతే పనికొస్తుందని ఇంకొకటి ఎక్కువే ఇచ్చిపోయింది.

ఆ ఆదివారానికి ప్రభుదాస్ వచ్చాడు. ఎన్నో రాష్ట్రాల పోలీసుల ముందు నదురూ బెదురూ లేకుండా నిలబడ్డ మనిషి, చేతిలో చిన్న సీసా పెట్టేసరికి మెలికలు తిరిగిపోయాడు.

"గిది ఆడోళ్ల చేతికిచ్చే వస్తువా? గోడ మీద పెడుత, నేను స్నానానికి పొయినంక తీస్కో."

"గోడ మీద పెడితే ఊరందరికి కనబడ్తది. రోలు పక్కన పెట్టు."

రోలు పక్కన ఎందుకంటే అరుణ అక్కడ చింతకాయ తొక్కు దంచుతోంది. పచ్చి చింతకాయ, పసుపు, పిడికెడు దొడ్డుప్పు. సగం దంచేసరికి ఫోన్ మోగింది. "అక్కా, ఫొటో రాలే," అంది స్వరూప. అరుణ చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆదరాబాదరాగా పట్టీని పట్టుకోకూడని, చుక్కలున్న కొసనే పట్టుకుని బయటికి తీసి, తిప్పి ముంచింది. చూస్తుండగానే రెండు చుక్కలూ నల్లబడుతూ వచ్చి ఒకచోట ఆగాయి. ఎరుపు కాదు, నీలం కాదు.

"వంకాయ రంగు," అంది జానమ్మ, తొంగి చూసి.

పక్కింటి మంగమ్మ గోడ మీది నుంచి చూసి నేరేడుపండు రంగంది. కోదాడ మ్యాచింగ్ సెంటర్లో ఈ రెంటి మధ్యలో ఎన్ని రకాల జాకెట్టు ముక్కలుంటాయో అరుణకు తెలుసు. కార్డు అచ్చేసినవాళ్లు ఎప్పుడూ జాకెట్టు ముక్క కొన్న పాపాన పోయినట్టు లేదు, మధ్యలో ఒకే ఒక్క రంగు వేసి చేతులు దులుపుకున్నారు. సరే, వంకాయ అనుకున్నారు. ఫొటో పోయింది. కాసేపటికి స్వరూప నుంచి జవాబు: 'వచ్చే ఆదివారం మళ్లీ చెయ్యాలక్కా. ఓనరుకు నేను చెప్త.'

ఓనరు ప్రభుదాస్‌ను మిర్యాలగూడ రైసు మిల్లుల పని మీద వేశాడు. పొద్దున పోయి, తవుడు బస్తాలు ఎత్తుకుని సూర్యాపేటలో దించి, చీకటి పడకముందే ఇంటికి.

పెళ్లయిన ఇన్నేళ్లకు అరుణకు వరసగా కొన్ని సాయంత్రాలు దొరికాయి. ఆయన కారుతున్న నల్లా బాగు చేశాడు. సూర్యాపేటలో హాస్టల్‌లో ఉన్న కూతురు శ్రీజతో వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకే మంచం మీద కనబడితే, ఆ పిల్ల "డాడీ, లారీ ఖరాబైందా?" అని అడిగింది. నిద్రలో ఆయన ఎడమ చెయ్యి గేరు వెతుక్కుంటుంది. దొరికిన అరుణ మోచేతిని పట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కినట్టు అటూ ఇటూ వేస్తాడు. చెయ్యి నొప్పి పుట్టేది. అయినా ఆమె లాక్కోలేదు.

వారం మధ్యలో, ఆయన మిర్యాలగూడ పోయిన పూట, ఆమెకు తొక్కు దంచిన తన చేతి ఉప్పు మీద ఒక అనుమానం వచ్చింది. కోదాడ కాలేజీలో బీఎస్సీ చదివే రోజుల్లో ప్రాక్టికల్స్‌లో మాస్టారు ఇచ్చిన ఉప్పు పేరు తప్పు చెప్పి మార్కులు పోగొట్టుకున్న మనిషి. ఇన్నాళ్లకు ఆ చదువు అక్కరకొచ్చింది. ఎక్కువిచ్చిన పట్టీ తీసి, మంచినీళ్లలో దొడ్డుప్పు పలుకు వేసి ముంచింది. రెండు చుక్కలూ వంకాయ రంగు.

అయితే ఆయన కిడ్నీల మాట ఆ పట్టీ చెప్పనే లేదు. చెప్పింది తొక్కు మాట. స్వరూపకు చెప్పాలని ఫోన్ చేతిలోకి తీసుకుంది. సందు మొదట్లో లారీ హారన్ వినబడింది, ఆయనది. అరుణ ఫోన్ బియ్యం డబ్బా మీద పెట్టి టీ నీళ్లు పడేసింది.

రెండో ఆదివారం చేతులు శుభ్రంగా కడుక్కుంది. పట్టీని సరైన కొసనే పట్టుకుంది. సీసాలో మాత్రం ఒక ఉప్పు పలుకు వేసింది.

'మళ్లీ చెయ్యాలక్కా,' అని వచ్చింది.

ఆ వారంలో ఒకరోజు ప్రభుదాస్ ఆమెను లారీలో మిర్యాలగూడ తీసుకుపోయాడు. క్యాబిన్‌లో ఎక్కి కూర్చుంటే లోకమంతా కిందికి కనబడింది. ఇన్నాళ్లూ ఆయన ఇక్కడి నుంచి చూస్తూ ఉన్నాడన్నమాట, తనకేమో నుదురు తప్ప ఏదీ కనబడకుండా. మిల్లు దగ్గర దుమ్ములో ఇద్దరూ మిర్చి బజ్జీలు తిన్నారు. వచ్చేటప్పుడు సాగర్ కాలువ గట్టున లారీ ఆపాడు. నీళ్లు నిండుగా పోతున్నాయి.

"నిన్ను గిట్ల ముందే తిప్పాల్సింది," అన్నాడు.

"ఇప్పుడేం మించిపొయింది?"

ఆయన పెద్ద సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగాడు. తాగి, మళ్లీ తాగాడు.

ఇంటికొచ్చాక కూరలో ఉప్పు వెయ్యొద్దన్నాడు. సేవ్యాకు డాక్టర్లు ముందు ఉప్పే మాన్పించారట. అరుణ ఆయన ముఖంలోకి చూడలేక పొయ్యి వైపు తిరిగింది. ఆ పూట బీరకాయ కూర ఉప్పు లేకుండా వండి, ఆయన తింటుంటే పక్కన కూర్చుని తానూ అదే తిన్నది. జానమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "గిది కూరనా, ఉపాసమా?" అని తొక్కు సీసా ఒళ్లో పెట్టుకుంది.

అప్పటి నుంచి ఆమె చూడటం మొదలుపెట్టింది. ఆయన ఇంట్లో ఉన్నాడు గానీ, ఊరికే ఉండటం లేదు. గ్యాస్ బండ ఎలా బిగించాలో ఆమెకు నేర్పాడు. ఏటీఎంలో ఏ బటన్ నొక్కాలో రెండుసార్లు చూపించాడు. ఆమె ఎన్నో ఏళ్లుగా నొక్కుతున్న బటన్లే అవి. సాయంత్రాలు దగ్గర కూర్చునేవాడు గానీ, ఆ చూపు కూర్చున్న మనిషి చూపు కాదు. బస్సెక్కబోయేవాడు సంచులన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకునే చూపు. ఇన్నేళ్లు ఏ మనిషి కోసం ఎదురుచూసిందో ఆ మనిషి మాత్రం రాలేదు. ఆయన ఒడిశా వైపు ఎక్కడో ఉన్నట్టే ఉంది.

శనివారం ఆమె కూరగాయలకు పోయి వచ్చేసరికి కిటికీ దగ్గర ఆయన చేతిలో సుత్తి ఉంది. అద్దం జానెడు కిందికి దిగి ఉంది.

"నాకేంది, వంగి గీసుకుంట," అన్నాడు. "నీకు అందాలె గద. మల్ల ఎవలు కొడుతరు మేకు?"

అరుణ సంచి దించి చూసింది. అద్దంలో ముఖం మొత్తం కనబడింది. కళ్ల కింద నలుపు, పెదవి పక్కన ఎప్పుడొచ్చిందో తెలియని గీత. ఉప్పు పలుకు వేసిన మనిషి ముఖం ఇలా ఉంటుందన్నమాట.

"మంచి పని జేసినవ్ కొడకా," అంది జానమ్మ.

మూడో ఆదివారం అరుణ వంటింట్లోని ఉప్పు సీసా తీసుకుపోయి మంగమ్మ ఇంట్లో పెట్టి వచ్చింది. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. పట్టీ ముంచబోతుండగా, అంతవరకూ తట్టని ఆలోచన తట్టింది. రెండు ఆదివారాలు తాను అబద్ధం చెప్పించింది సరే. అసలు నిజం ఏమిటో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఈ చుక్క తన సాయం లేకుండానే నీలమైతే? పోయిన వారాలన్నీ తానే పోగొట్టినట్టు కదా. పట్టుకున్న కొస సరైనదేనా అని ఇంకోసారి చూసుకుంది.

ముంచింది. పైకి తీసింది. కార్డు పక్కన పెట్టి, అటు తిరిగి నిలబడింది.

"ఏమే, ఏమైంది?" అని జానమ్మే దగ్గరికి వచ్చి చూసింది. చాలాసేపు చూసి, "ఎర్రగనే ఉన్నది," అంది.

అరుణ తిరిగి చూసింది. పైది ఎరుపు, కిందిది ఎరుపు. పెళ్లినాడు కట్టుకున్న చీర అంచు కూడా అంత ఎర్రగా లేదు. స్నానాల గది తలుపు కొట్టి "ఎర్రగున్నది" అని చెప్పింది. లోపల నీళ్ల చప్పుడు ఆగింది. తర్వాత ఆయన పాడుకున్న పాట క్రిస్మస్ పాట, పండగ పోయిన ఇన్నాళ్లకు.

మధ్యాహ్నం పట్టీల కోసం స్వరూప వచ్చింది. ప్రభుదాస్ సతీష్ దగ్గరికి పోయాడు, సోమవారమే శ్రీకాకుళం లోడు. జానమ్మ ఎర్ర పట్టీని కొంగున కట్టుకుని ఇవ్వనంది, చివరకు స్వరూప తెచ్చిన బిస్కెట్ ప్యాకెట్‌కు మారకం వేసుకుంది. స్వరూప వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది.

"అక్కా, పై చుక్క రోగానికి. కింది చుక్క సాక్షి. రోగమున్నా లేకున్నా అది మారొద్దు. మారిందంటే ఏదో కలిసినట్టు. ఎక్కువ మటుకు ఉప్పే. ముందు రెండుసార్లు మీ సాక్షి గూడ మారింది."

అరుణ పళ్లెం తుడుస్తూనే ఉంది.

"మొదటిసారి సూడక కలిసిందనుకున్న. రెండోసారి..." స్వరూప ఆగి, చిన్నగా నవ్వింది. "ఆ రెండు పాడైనయని రాసిన. పాడైనా మల్ల చేసుడే గద రూలు. మా ఆయన పూణెల ఉంటడక్కా. ఆయనకు ఇసొంటి పరీక్ష పెట్టేటోల్లు లేరు."

"ఆయన భయపడతడని నాకు తోచలే," అంది అరుణ.

"ఆయనకు చెప్పినవా?"

చెప్పలేదు. సోమవారం పొద్దున చెప్పింది. సందు చివర లారీ దగ్గర ప్రభుదాస్ ఇనప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టి గాలి చూస్తున్నాడు. ఈల వేస్తున్నాడు. అరుణ అన్నం, తొక్కు పెట్టిన డబ్బా పట్టుకుని పక్కన నిలబడి మొత్తం చెప్పింది. ఈల మధ్యలో ఆగిపోయింది.

"రెండుసార్లా?"

"మొదటిసారి తెల్వక. రెండోసారి తెలిసే."

"ఎందుకు?"

దారి పొడవునా జవాబులు చాలా కూర్చుకుంది. "ఉంటవని," అంది.

ఆయన కొట్టిన టైరునే మళ్లీ కొట్టాడు. "సేవ్యాను తలుసుకుని నిద్ర పోలేదు నేను. ఉప్పు లేని కూర తిన్న గదనే."

"నేను గూడ తిన్న."

ఆయన డబ్బా తీసుకున్నాడు, అదొక్కటే మేలు. ఎక్కి, స్టార్ట్ చేసి, వెళ్లిపోయాడు. మూల తిరిగేటప్పుడు ప్రతిసారీ మోగే హారన్ ఆరోజు మోగలేదు. అరుణ మోగుతుందేమోనని చాలాసేపు అక్కడే నిలబడింది. మేకల మంద అడ్డమొస్తే పక్కకు జరిగి, మళ్లీ నిలబడింది.

ఇంటికొచ్చి మేకు పీకి, స్టూలు ఎక్కి పాత చోటే కొట్టింది. అద్దం పైకెక్కింది. ఆమె నుదురు, పాపిట.

"బంగారమసొంటి పని ఖరాబ్ జేసినవ్," అంది జానమ్మ.

ఆ తర్వాత ప్రభుదాస్ ఫోన్లు వాళ్లమ్మ జానమ్మకే వచ్చాయి. "తిన్నవా అమ్మా?" అనే గొంతు ఫోన్లోంచి వంటింటి దాకా వినబడేది. జానమ్మ ఆ గొంతును కోడలికి వినిపించడానికే స్పీకర్ పెట్టేది, పెట్టి పైకి మాత్రం "నాకు చెవులు వినబడవు" అనేది. అరుణ సాయంత్రం ఏ హారన్ వినబడినా తన చెయ్యి దానంతటదే టీ గిన్నె వైపు పోవడం గమనించి, ఆ గిన్నెను పై అరలో పెట్టేసింది. నల్లా మళ్లీ కారడం మొదలైంది. బాగు చేయించలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె ఫోనే మోగింది. ఎత్తితే ముందు గాలి, లారీల రొద.

"తిన్నవా?" అన్నాడు.

"తిన్న."

"ఏం కూర?"

"పప్పు. నువ్వు?"

"నీ తొక్కే. డబ్బా అడుగుకొచ్చింది."

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అద్దం అందుతుందా?"

"పైకి పెట్టిన."

"ఎందుకు?"

"గడ్డం వంగి గీసుకుంటే నీకు నడుం నొస్తది. మల్ల గోళీలు మింగుతవ్. అవి కిడ్నీలకు మంచియి కావంట."

అవతల ఒక చప్పుడు వచ్చింది. నవ్వో, లారీ బ్రేకో తెలియలేదు. ఆమె నవ్వనే అనుకుంది.

"మల్ల పరీక్ష ఎప్పుడంట?"

"మూడు నెలలకు."

"అంత దూరమా," అన్నాడు. ఆ మాట ఆయన ఎప్పుడూ ఏ ఊరి గురించీ అనలేదు. "నౌపడ దాటుతున్న. రోడ్డు పక్కన అన్నీ ఉప్పు కుప్పలే, తెల్లగ. ఇంట్ల ఉప్పున్నదా? ఒక మూట ఎయ్యమంటవా?"

అరుణ అలమర వైపు చూసింది. మంగమ్మ ఇంటి నుంచి తిరిగొచ్చిన సీసా మూత దాకా నిండుగా ఉంది.

"అయిపొయింది," అంది.